పాత సైన్స్ బ్లాకు: కొత్తగా కట్టడమా, బాగుచేయడమా అన్న చర్చకు నేపథ్యం

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లోని పాత ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో సైన్స్ బ్లాకు సంగతి ఎత్తినప్పుడల్లా రెండు వాదాలు వినిపిస్తాయి. పక్కనున్న ఖాళీ స్థలంలో కొత్త బ్లాకు కట్టాలని కొందరు, ఉన్నదాన్నే బాగుచేసి పైన మరో అంతస్తు వేయాలని కొందరు అంటారు. ఏది మేలో పరీక్షలు చేసి ఇంజినీర్లు తేల్చగలరు. కానీ భవనం ఈ స్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే, దానికి ఏ కాలంలో ఎవరు దేనికోసం డబ్బు ఇచ్చారో చూడాలి.

నిజాం పాలనలో ఉన్నత విద్యకు హైదరాబాదే కేంద్రం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైన్సును కూడా ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. హనుమకొండ సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ మూలాలు 1927 నాటివి. అసలు విస్తరణ మాత్రం ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నుంచే జరిగింది: కరీంనగర్‌లో శ్రీ రాజరాజేశ్వర కాలేజీ, నిజామాబాద్‌లో గిరిరాజ్ కాలేజీ రెండూ 1956లో మొదలయ్యాయి. 1959లో వరంగల్‌కు కాకతీయ వైద్య కళాశాల వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 10న రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ రెండింటిలో సీటు కోరే విద్యార్థి ముందుగా సైన్సు చదవాలి కాబట్టి సాధారణ కాలేజీల ల్యాబుల మీద ఒత్తిడి పెరిగింది. వరంగల్‌లో ఉస్మానియా నడిపిన పీజీ కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయంగా మారాక ఎమ్మెస్సీ చదువు దగ్గరకు వచ్చింది. దానితో బీఎస్సీకి గిరాకీ ఇంకా పెరిగింది.

ఇలా పెరిగిన అవసరానికి డబ్బు వాయిదాల్లో వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, చట్టంలోని 12(బి) సెక్షన్ కింద గుర్తింపు పొందిన కాలేజీలకు పంచవర్ష ప్రణాళికల లెక్కన సాయం చేసేది. 1970వ దశకంలో కాలేజీల్లో సైన్సు బోధన మెరుగుదలకు అది నడిపిన కార్యక్రమం పరికరాలు, పుస్తకాలు, అధ్యాపకుల శిక్షణ మీద దృష్టి పెట్టింది. 2000లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ప్రారంభించిన ‘ఫిస్ట్’ (సైన్సు విభాగాల వసతులకు నిధులిచ్చే పథకం) కూడా ప్రధానంగా పరికరాలకే. కొత్త గది కడితే శిలాఫలకం ఉంటుంది, పరికరం కొంటే స్టాకు రిజిస్టరులో పద్దు ఉంటుంది. డ్రైనేజీ పైపు మార్చినందుకు ఈ రెండూ ఉండవు. నా దృష్టిలో నేటి సమస్యకు అసలు మూలం ఇదే. ఒక ప్రణాళికలో భౌతికశాస్త్ర గది, మరో ప్రణాళికలో దాని వెనుక వరండా, ఇంకోసారి మేడ మీద కంప్యూటర్ ల్యాబ్ చేరాయి తప్ప, మొదట వేసిన నీటి గొట్టాలు, కరెంటు తీగలు, గాలి బయటకు పోయే మార్గాలు ఆ పెరుగుదలకు తగ్గట్టు మారలేదు.

ఆ నిర్లక్ష్యం రసాయనశాస్త్ర ల్యాబులో కంటికి కనిపిస్తుంది. పాత ల్యాబుల్లో నేలకు షాబాదు బండలు, బల్లల మీద కడప బండలు పరిచేవారు. రెండూ సున్నపురాయి జాతివే. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడినా అవి బుసబుస పొంగి నురగ కక్కుతాయి; ఏళ్ల తరబడి బ్యూరెట్ స్టాండు నిలిపిన చోట రాయి గరుకుబారి, తెల్లటి మచ్చలు గుంటలుగా మారతాయి. (ఆమ్లాన్ని తట్టుకునే గ్రానైటు కరీంనగర్ క్వారీల నుంచి విదేశాలకు ఎగుమతి అవుతున్న ప్రాంతమిది.) సింకు నుంచి జారిన ఆమ్లపు నీరు గొట్టాల అతుకుల దగ్గర కారి గోడలోకి ఇంకుతుంది. ఆవిరులు పైకి చేరి స్లాబును పట్టుకుంటాయి. మంచి కాంక్రీటుకుండే క్షారగుణం లోపలి ఇనుప చువ్వలకు రక్ష. గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్), క్లోరైడులు కలిసి ఆ రక్షను తొలగిస్తే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కనుక స్లాబు కింది భాగం పగిలి పెచ్చులూడుతుంది. పెచ్చు రాలిన చోట సిమెంటు పూసి సున్నం వేస్తే అది మరమ్మతు కాదు, లోపలి తుప్పును కప్పిపెట్టడం మాత్రమే.

ఇటీవలి వాతావరణం ఈ బలహీనతలను బయటపెట్టింది. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. వరంగల్ నగరంలో పలు కాలనీలు మునిగాయి. రసాయనాల స్టోరును కింది అంతస్తులో, అదీ నేల మట్టానికి ఉంచే అలవాటు ఎంత ప్రమాదమో ఆలోచించాల్సిన సందర్భమది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది. పైన అంతస్తు వేద్దామనేవారు ముందుగా పునాది, స్తంభాల మోత శక్తి చూపించాలి. పాత డ్రాయింగులు దొరకకపోతే రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటును తట్టి దాని గట్టిదనం అంచనా వేయడం), కోర్ నమూనా (కాంక్రీటు ముక్కను తొలిచి తీసి పరీక్షించడం) వంటి పరీక్షలు తప్పవు.

ఈలోగా గదుల ఉపయోగమే మారిపోయింది. 2014లో యూజీసీ జంతువుల డిసెక్షన్‌ను (కోసి పరిశీలించడాన్ని) పూర్తిగా నిలిపివేయడంతో జంతుశాస్త్రపు పెద్ద హాలుకు పాత పని పోయింది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, కంప్యూటర్ సైన్స్ కాంబినేషన్లు వచ్చాక ఆటోక్లేవులు, ఇంక్యుబేటర్లు, ఏసీలు చేరి, ఫ్యాన్లు, లైట్ల లెక్కన వేసిన తీగల మీద భారం పడింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పాత ప్రభుత్వ భవనాలను కూడా అందరికీ అందుబాటులోకి తేవాలని గడువు పెట్టింది. మెట్లు తప్ప మరో దారిలేని మేడ మీది ల్యాబు ఆ కొలమానంలో నిలవదు.

నిధుల తీరులో ఒక మార్పు 2013లో మొదలైన రూసాతో, అంటే ఉన్నత విద్యాసంస్థలకు నిధులిచ్చే కేంద్ర పథకంతో, వచ్చింది. కాలేజీల మౌలిక వసతులకు ఇచ్చిన రూ. 2 కోట్లలో 35 శాతం కొత్త నిర్మాణానికి, 35 శాతం మరమ్మతులకు, 30 శాతం పరికరాలకు అని అది వాటాలు నిర్దేశించింది. మరమ్మతుకు విడిగా వాటా పెట్టడం సరైన ఆలోచనే. అయితే ఆ వాటా ఒకసారికే సరిపోతుంది. ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు రాష్ట్ర బడ్జెటు, కాలేజీ సొంత రాబడి నుంచే రావాలి. ల్యాబ్ అటెండరు పోస్టు ఖాళీగా ఉన్న చోట కొత్త ఫ్యూమ్ హుడ్ (ఆవిరులను బయటకు పంపే పెట్టె) బిగించినా దాన్ని చూసుకునేవారు ఉండరు.

పని ఎప్పుడు చేయాలన్నది కూడా ఇప్పుడు చిక్కుముడే. వార్షిక పరీక్షల పద్ధతి ఉన్న రోజుల్లో వేసవి సెలవులంతా ల్యాబులు ఖాళీగా ఉండేవి. 2016-17 నుంచి డిగ్రీలో సెమిస్టర్ పద్ధతి వచ్చాక ఆ వెసులుబాటు తగ్గింది. స్లాబు పని, గొట్టాల పని రెండూ చేపడితే ఒక సెమిస్టర్ ప్రాక్టికల్స్ వేరే చోట జరపాల్సిందే. కాబట్టి ఆ తాత్కాలిక ఏర్పాటుకయ్యే ఖర్చును మొదటి అంచనాలోనే చేర్చాలి.