పాట మధ్యలో బేస్ ఆంప్ ఆగిపోతే: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లోని ఆర్కెస్ట్రాల వారికి ఆంప్‌లు (గిటార్ ధ్వనిని పెంచి స్పీకర్‌కు పంపే యంత్రాలు) బాగుచేయడం నా వృత్తి. పెళ్లిళ్ల కాలంలోనూ, రెండేళ్లకొకసారి చైత్రంలో బరంపురం ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లోనూ, నవంబరులో కొరాపుట్‌లో పరబ్ ఉత్సవం జరిగేటప్పుడూ నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒక్కటే: బేస్ ఆంప్ కొంతసేపు బాగా పలికి, పాట మధ్యలో మూగబోతోంది. అలా వచ్చిన ఆంప్‌లలో చాలావాటికి లోపల ఏ దెబ్బా తగిలి ఉండదు. లోపం వేదిక మీదే ఎక్కడో ఉంటుంది; ఆంప్ దాన్ని గుర్తించి తనను తాను కాపాడుకుంటుంది.

అపోహ: ధ్వని ఆగిందంటే ఆంప్ కాలిపోయినట్టే.

వాస్తవం: కాలిపోయిన ఆంప్ సాధారణంగా తనంతట తాను తిరిగి పలకదు. ఆగి, మళ్లీ వస్తోందంటే లోపలి రక్షణ వలయం పనిచేస్తోందని గానీ, ఎక్కడో ఒక అతుకు వదులుగా ఉందని గానీ అనుకోవాలి. ఈ రెండింటిలో ఏదో తెలియాలంటే ఆంప్ ఎలా ఆగింది, ఎలా తిరిగి వచ్చింది అన్నది గమనించాలి. అరగంటో గంటో వాయించాక ఆగి, కాస్త చల్లబడ్డాక పలికితే అది వేడి వల్ల వచ్చిన సమస్య. ఫ్యాను తిరుగుతోందా, గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుందా, వెనక భాగాన్ని పందిరి గుడ్డకు ఆనించి పెట్టారా అన్నవి ముందు చూడాలి. గట్టిగా మీటినప్పుడు మాత్రమే ఆగి, మెల్లగా వాయిస్తే పలుకుతోందంటే స్పీకర్ వైపు భారం ఎక్కువైందనో, కరెంటు చాలడం లేదనో అర్థం. డ్రమ్ముల అదురుకో, ఎవరైనా వేదిక మీద నడిచినప్పుడో ఆగితే జాక్‌నో, కేబుల్‌నో, లోపల పగుళ్లిచ్చిన సోల్డరింగ్‌నో అనుమానించాలి. స్పీకర్ కోన్‌కు వెళ్లే మెత్తటి అల్లిక తీగ తెగినా ఇలాగే వచ్చిపోతూ ఉంటుంది, కానీ దాన్ని చూడాలని చాలామందికి తోచదు.

అపోహ: ఎఫెక్ట్స్ పెడళ్లు వాడను కాబట్టి వెనకవైపు సెండ్, రిటర్న్ సాకెట్లతో (ధ్వనిని పెడళ్లకు పంపేది, తిరిగి తెచ్చుకునేది) నాకు పని లేదు.

వాస్తవం: నా అనుభవంలో అందరూ మరిచిపోయేది ఈ సాకెట్లనే. చాలా ఆంప్‌లలో రిటర్న్ సాకెట్ లోపల చిన్న స్విచ్చి లాంటి రేకులు ఉంటాయి. అందులో జాక్ ఏదీ లేనప్పుడు ప్రీఆంప్ (స్వరాన్ని దిద్దే ముందు భాగం) నుంచి పవర్ ఆంప్‌కు (స్పీకర్‌ను నడిపే భాగం) వెళ్లే ధ్వని ఆ రేకుల మీదుగానే నడుస్తుంది. అందుచేత మీరు ఆ సాకెట్‌ను ఎన్నడూ వాడకపోయినా ప్రతి స్వరం దానిగుండానే వెళుతుంది. వాడని రేకులకు చిలుము పడుతుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలి తగిలేచోట ఇది మరింత త్వరగా జరుగుతుంది. అప్పుడు ధ్వని సన్నబడడం, గరగరమనడం, హఠాత్తుగా ఆగడం, గట్టిగా మీటితే తిరిగి రావడం కనిపిస్తాయి.

పరీక్ష చాలా సులువు. ఒక పొట్టి గిటార్ కేబుల్‌ను సెండ్ నుంచి రిటర్న్‌కు తగిలించండి. ధ్వని నిలకడగా వస్తే దోషం ఆ రేకులదే. ఆ కేబుల్‌ను అలాగే ఉంచి ఆ రాత్రి కార్యక్రమం పూర్తిచేయవచ్చు. తరువాత ఆంప్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, జాక్‌ను పదిసార్లు దూర్చి తీస్తే చాలావరకు కుదురుకుంటుంది. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రేలు వాడకండి. అవి జిడ్డు పొరను మిగిల్చి దుమ్మును పట్టి ఉంచుతాయి.

అపోహ: వేదిక మీద లైట్లు బాగా వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు సరిగానే ఉంది.

వాస్తవం: పాత ఫిలమెంటు బల్బుల కాలంలో ఈ మాట కొంతవరకు నిజం; వోల్టేజీ పడితే బల్బు ఎర్రబడి కనిపించేది. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లలో చాలావాటికి వోల్టేజీ బాగా పడినా వెలుగు తగ్గదు. ఆంప్ మాత్రం వెంటనే ఇబ్బంది పడుతుంది. బరువు తక్కువగా ఉండే కొత్త క్లాస్-డి ఆంప్‌లలో వోల్టేజీ ఒక హద్దు కన్నా పడిపోతే సరఫరా విభాగం తనంతట తానే ఆగిపోయేలా అమర్చి ఉంటారు.

మన పల్లె పందిళ్లలో వైరు ఎంత దూరం లాగుతారో చూస్తే కారణం తెలుస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 50 మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి దాని నిరోధం సుమారు 1.2 ఓమ్‌లు. ఆ వైరు మీదే ఫ్యాన్లు, డెకరేషన్ లైట్లు, కీబోర్డు, ఆంప్ అన్నీ కలిసి 15 యాంపియర్లు లాగితే దారిలోనే 18 వోల్టులు పోతాయి. అదే మందం గల అల్యూమినియం వైరైతే దాదాపు 29 వోల్టులు పోతాయి. ఊరి చివర సాయంత్రం పూట లైనులోనే 230కి బదులు 200 ఉంటే, ఆ అల్యూమినియం వైరు మీద ఆంప్‌కు చేరేది సుమారు 171 మాత్రమే. బేస్ స్వరం గట్టిగా పడిన ప్రతిసారీ అది మరి కాస్త కిందికి జారుతుంది.

కాబట్టి మల్టీమీటరుతో కొలవవలసింది మధ్యాహ్నం సామాను దించినప్పుడు కాదు. లైట్లన్నీ వేసి, ఆంప్ పూర్తి ధ్వనిలో ఉన్నప్పుడు, ఆంప్ పెట్టిన బోర్డు దగ్గరే కొలవాలి. స్టెబిలైజర్ కొంత సాయపడుతుంది గానీ, రిలేలు (లోపలి స్విచ్చిలు) మారేటప్పుడు క్షణకాలం సరఫరా తెగే రకాలు కొత్త సమస్య తెస్తాయి. మందమైన వైరుతో వేదికకు వేరే లైను అడగడమే సరైన మార్గమని నా అభిప్రాయం. మూడు ఫేజుల సరఫరా ఉన్నచోట వోల్టేజీ ఒకసారి పడిపోతూ, ఒకసారి 260, 280 దాకా లేస్తూ కనిపిస్తే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) వదులైందన్నమాట. అప్పుడు పాట ఆగినా సరే, ముందు మెయిన్ ఆపించండి.

అపోహ: స్పీకర్ బాక్సులు ఎన్ని తగిలిస్తే ఆంప్‌కు అంత సుఖం.

వాస్తవం: 8 ఓమ్‌ల బాక్సులు రెండు సమాంతరంగా కలిపితే ఆంప్‌కు 4 ఓమ్‌లు కనిపిస్తాయి, 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2 ఓమ్‌లే; ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్ మీద భారం పెరుగుతుంది. కనీసం 4 ఓమ్‌లు ఉండాలని వెనక రాసి ఉన్న ఆంప్‌కు 2 ఓమ్‌లు తగిలిస్తే మెల్లని పాటలకు పలికి, హుషారు పాట మొదలవగానే ఆగుతుంది. వాల్వు ఆంప్‌లకు (గాజు ట్యూబులతో పనిచేసే పాత తరహావాటికి) మరో నియమం ఉంది: స్పీకర్ తగిలించకుండా వాటిని వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు.

అపోహ: జాక్ ఒకటే కాబట్టి గిటార్ కేబుల్‌నే స్పీకర్‌కూ వాడవచ్చు.

వాస్తవం: 4 ఓమ్‌ల స్పీకర్‌కు 400 వాట్లు వెళ్లేటప్పుడు కేబుల్‌లో 10 యాంపియర్లు ప్రవహిస్తాయి. గిటార్ కేబుల్‌లోని సన్నని తీగ దానికోసం చేసింది కాదు. అది వేడెక్కి, లోపలి తొడుగు మెత్తబడి షార్ట్ అయితే ఆంప్ ఆగిపోతుంది. చల్లబడ్డాక చూస్తే కేబుల్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కనుక నింద ఆంప్ మీద పడుతుంది.

అపోహ: జనానికి అదురు తెలియాలంటే బేస్ నాబు చివరిదాకా తిప్పాలి.

వాస్తవం: 10 డెసిబెళ్లు పెంచితే ఆ స్వరాలకు పది రెట్ల శక్తి కావాలి. బేస్ గిటార్‌లోని లావుపాటి ఇ తీగ కంపనం 41 హెర్ట్జ్ (సెకనుకు 41 సార్లు). చిన్న బాక్సు దాన్ని ఎలాగూ పూర్తిగా వినిపించలేదు. శక్తి అంతా వేడిగా మారి, రక్షణ వలయాన్ని మేల్కొలుపుతుంది.

అపోహ: ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్దది వేయాలి, లేదా వైరు ముక్క చుట్టాలి.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. ఫ్యూజు పోవడం ఒక హెచ్చరిక. దాని నోరు మూయిస్తే తరువాత కాలేది ట్రాన్స్‌ఫార్మరో, పందిరో. ఫ్యూజు మీద ‘టి’ అని ఉంటే నిదానంగా పోయే రకం, ‘ఎఫ్’ అని ఉంటే వెంటనే పోయే రకం. అదే అక్షరం, అదే అంకె ఉన్నదాన్నే వేయాలి. అదీ వెంటనే పోతే ఆంప్‌ను పక్కన పెట్టి, గిటార్‌ను డీఐ బాక్సు (గిటార్‌ను నేరుగా మిక్సరుకు కలిపే చిన్న పెట్టె) ద్వారా మిక్సరుకు ఇచ్చి వాయించండి. వేదిక మీద ఆంప్ విప్పవద్దు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

అపోహ: హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తుంటే ఎర్త్ పిన్ను తీసేస్తే సరి.

వాస్తవం: ఒక చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉండే మనిషికి ఎర్త్ తీయడమంటే ప్రాణం మీదికి తేవడమే. యువ కళాకారులు ఈ అలవాటు నేర్చుకోవడం చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. డీఐ బాక్సు మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ధ్వని కేబుల్ ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది. హమ్‌కు దాన్ని వాడండి. టెంట్ హౌస్ వారి బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్చి) ఉండేలా అడగండి.

అపోహ: గిటార్‌లో లోపం ఉండదు, ఉంటే ఆంప్‌లోనే.

వాస్తవం: యాక్టివ్ బేస్ గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ నీరసించినా ధ్వని చీలి, తగ్గి, ఆగుతుంది. జాక్ తగిలించి వదిలేసినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. ఆంప్ వెనక డీఐ అవుట్ ఉంటే మిక్సరు దగ్గర ఉన్నవారిని అడగండి: ఆంప్ మూగబోయినప్పుడు కూడా మిక్సరులో బేస్ వినిపిస్తోందంటే లోపం దాని తరువాతి భాగంలో, అంటే పవర్ ఆంప్ లేదా స్పీకర్ వైపు ఉంది. అక్కడా వినిపించకపోతే గిటార్, కేబుల్, పెడళ్లు, ప్రీఆంప్ వరుసగా చూడాలి. కరెంటు పోయి ఆంపే ఆరిపోయినా అక్కడ వినిపించదు కనుక ముందు దాని లైటు చూసుకోండి.

అపోహ: మెకానిక్‌కు ఆంప్ ఒక్కటి ఇస్తే చాలు.

వాస్తవం: ఆ రాత్రి వాడిన స్పీకర్ కేబుల్, బాక్సు, ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తీసుకురండి. ఎంతసేపటికి ఆగింది, ఆగినప్పుడు ముందున్న లైటు ఆరిందా రంగు మారిందా, ఫ్యాను తిరుగుతోందా, జనరేటర్ మీద ఉన్నారా లైను మీద ఉన్నారా అన్నవి ఒక కాగితం మీద రాసి ఆంప్‌కు అంటించి పంపండి.