71 నిమిషాల హోరు

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరడిగిన దానికి జవాబు మొదలుపెట్టేలోపే మీ అమ్మ భోజనానికి పిలిచింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. "వండర్‌వాల్ పాడినవాళ్ల తర్వాతి ఆల్బమ్ పెట్టాం పెదనాన్నా, మూడో పాటకే తలనొప్పి వచ్చింది, అసలది వాళ్లదేనా?" అని కదా మీ అనుమానం. వాళ్లదే. ఆ ఒయాసిస్ బృందమే. పాటలు రాసింది ఆ నోయెల్ గాలగరే, పాడింది ఎక్కువగా తమ్ముడు లియామే. తలనొప్పి రావడంలో మీ తప్పేమీ లేదు. కాకపోతే అక్కడే ఆపేస్తే నాలుగు మంచి పాటలు పోగొట్టుకుంటారు. పైగా స్టూడియోలో పాట ఎలా బాగుపడుతుందో, ఎలా పాడవుతుందో చెవితో తెలుసుకోవడానికి మీరు పెట్టిన ఈ 'బీ హియర్ నౌ' అంత పనికొచ్చే ఆల్బమ్ నాకు ఇంకోటి తగల్లేదు.

ముందు దాని వెనకటి సంగతి. ఒయాసిస్ మొదటి ఆల్బమ్ 1994లో వచ్చింది. రెండోది, అంటే వండర్‌వాల్ ఉన్న 'మార్నింగ్ గ్లోరీ', 1995 అక్టోబర్‌లో. అది ప్రపంచమంతా కలిపి 2 కోట్ల కాపీలు దాటింది. 1996 ఆగస్టు 10, 11 తేదీల్లో లండన్‌కి ఉత్తరాన నెబ్‌వర్త్ అనే చోట వాళ్లు కచేరీ పెడితే రోజుకు 1,25,000 మంది వచ్చారు. టికెట్ల కోసం ప్రయత్నించినవాళ్లు 25 లక్షలకు పైనే. నేనప్పుడు మాంచెస్టర్ పక్కన ఒక ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్ని. డ్యూటీ రూములో రేడియో పెడితే వీళ్లు, క్యాంటీన్‌లో వీళ్లు, రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో కుట్లు వేయించుకుంటూ తాగినవాడు పాడేదీ వీళ్ల పాటే. మాంచెస్టర్‌లో బర్నేజ్ అనే మామూలు పేట నుంచి వచ్చిన కుర్రాళ్లు కాబట్టి ఊళ్లో అందరికీ వాళ్లు 'మనవాళ్లు'.

అంత పేరు వచ్చాక తర్వాతి ఆల్బమ్ కోసం జనం ఎలా కాచుకుని కూర్చున్నారో ఊహించుకోండి. అది 1997 ఆగస్టు 21న, గురువారం వచ్చింది. ఇంగ్లండ్‌లో అప్పట్లో కొత్త ఆల్బమ్‌లు సోమవారం వచ్చేవి. అమెరికా నుంచి కాపీలు ముందే వచ్చి పడతాయేమోనన్న భయంతో దీన్ని అనుకున్న రోజుకన్నా ముందే తెచ్చేశారు. మొదటి రోజే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. బ్రిటన్‌లో అంత వేగంగా అమ్ముడైన ఆల్బమ్ అప్పటికి ఇంకోటి లేదు. 2015లో అడెల్ అనే గాయని ఆల్బమ్ వచ్చేదాకా ఆ రికార్డు అలాగే ఉంది.

పత్రికలు కూడా ఆకాశానికెత్తేశాయి. ఇక్కడో తమాషా ఉంది. 1995లో 'మార్నింగ్ గ్లోరీ' వచ్చినప్పుడు ఇవే పత్రికలు చాలావరకు పెదవి విరిచాయి. తర్వాత జనం దాన్ని నెత్తిన పెట్టుకోవడంతో విమర్శకుల పరువు పోయింది. ఈసారి అలా కాకూడదని ముందే అయిదుకు అయిదు స్టార్లూ వేసేశారు. దానికి తోడు, ఆల్బమ్ ముందుగా వినాలంటే ఎవరికీ చెప్పబోమని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు బృందం మేనేజర్లు. అంత గుట్టుగా చేతికిచ్చిన దాన్ని బాగాలేదని అనడానికి గుండె ధైర్యం కావాలి మరి. ఆర్నెల్లు గడిచేసరికి గాలి తిరిగింది. పొగిడినవాళ్లే నాలుక కరుచుకున్నారు. సెకండ్ హ్యాండ్ షాపుల్లో, చారిటీ షాపుల్లో ఆ సీడీలు వరసలు కట్టాయి. నా దగ్గరున్న కాపీ అలా కొన్నదే. రెండు పౌండ్లకు లోపే ఇచ్చారు.

ఆ అట్ట ఒకసారి చూడండి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో స్టాక్స్ హౌస్ అనే పెద్ద బంగళా. దాని ముందు ఈతకొలనులో సగం మునిగిన తెల్ల రోల్స్ రాయిస్. చుట్టూ ఐదుగురు, వాళ్ల మధ్య స్కూటర్, గ్రామఫోను, గడియారం, అదీ ఇదీ. ఓ పక్కన క్యాలెండర్ మీద ఆల్బమ్ విడుదల తేదీ. ఏ దేశంలో ఏ రోజు వచ్చిందో ఆ దేశపు అట్ట మీద ఆ తేదీ వేశారట. లోపలి పాటలు ఎలా ఉంటాయో ఆ బొమ్మే చెప్పేస్తుంది. చేతికందిందల్లా పెట్టేశారు.

ఇక వినడం సంగతి. ముందు మళ్లీ వండర్‌వాల్ పెట్టండి, ఈసారి హెడ్‌ఫోన్స్‌తో. ఒక్క అకూస్టిక్ గిటార్‌తో మొదలవుతుంది. దాని మీద గొంతు. కాసేపటికి చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది) లాంటి నాదం సన్నగా వచ్చి చేరుతుంది. డ్రమ్స్ పాట మొదలైన నలభై సెకండ్ల దాకా రావు. అప్పటిదాకా వాయిద్యానికీ వాయిద్యానికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఉంది కాబట్టే డ్రమ్స్ పడగానే ఒళ్లు జలదరిస్తుంది. పాట మొత్తం నాలుగు నిమిషాల చిల్లర.

ఇప్పుడు 'బీ హియర్ నౌ'లో రెండో పాట, 'మై బిగ్ మౌత్' పెట్టండి. వాల్యూమ్ తగ్గించి పెట్టండి బాబూ, చెవులు మీవే. ఇందులో గిటార్ ట్రాకులు సుమారు 30 ఉంటాయని అంటారు. అంటే ఒకే గిటార్ భాగాన్ని మళ్లీ మళ్లీ వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడం. రెండు మూడు పేరిస్తే శబ్దం నిండుగా వస్తుంది. ముప్పై పేరిస్తే ఏమవుతుందంటే, అన్నీ ఒకే స్థాయిలో, మధ్యస్థాయిలో మోగుతాయి. మనిషి గొంతు ఉండేదీ సరిగ్గా అక్కడే. దాంతో లియామ్ గొంతు ఆ గోడ వెనకాల నుంచి అరిచినట్టు వినిపిస్తుంది. శ్రీరామనవమి పందిట్లో నాలుగు మూలలా నాలుగు మైకులు ఒకేసారి మోగితే పాడేది ఎవరో తెలియదు చూడండి, అదే ఇది.

ఇంకో సంగతి. రికార్డింగ్ పూర్తయ్యాక శబ్దాన్ని 'కంప్రెస్' చేస్తారు. మెల్లగా ఉన్నవాటిని పైకి లాగి, గట్టిగా ఉన్నవాటిని కొంచెం నొక్కి, అంతా ఒక కట్టలోకి తెస్తారు. మితంగా చేస్తే పాట కారులో విన్నా రేడియోలో విన్నా స్పష్టంగా ఉంటుంది. డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంది, దాన్ని దాటి పోవడానికి వీల్లేదు. అంతా ఆ పైకప్పుకు తగిలించేస్తే ఇక గట్టిగా, మెల్లగా అనే తేడాయే ఉండదు. తేడా లేకపోతే చెవికి విశ్రాంతి ఉండదు. మీకొచ్చిన తలనొప్పి అదే. 90ల్లో అందరూ పోటీపడి ఇదే పని చేశారు, వీళ్లు మరీ ముందుండి చేశారు.

నిడివి మాట కూడా చెప్పాలి. ఆల్బమ్ మొత్తం 71 నిమిషాలు. పాత ఎల్పీ రికార్డు రోజుల్లో ఒక్కో వైపు ఇరవై చిల్లర నిమిషాలే పట్టేది కాబట్టి ఏదో ఒకటి కోసెయ్యక తప్పేది కాదు. సీడీ వచ్చాక 74 నిమిషాల చోటు దొరికింది. చోటుంది కదా అని నింపేశారు. మొదటి పాట 'డి యూ నో వాట్ ఐ మీన్' దాదాపు ఏడు నిమిషాల ముప్పావు. హెలికాప్టర్ చప్పుడు, గిటార్ కీచు, మోర్స్ కోడ్ కూతలు, ఇవన్నీ దాటుకుని గొంతు వినపడేసరికి దాదాపు నిమిషం. 'ఇట్స్ గెటిన్ బెటర్ మ్యాన్' ఏడు నిమిషాలు, చివర్లో ఆ పల్లవి వదలకుండా తిరుగుతూనే ఉంటుంది. నిజం చెప్పాలంటే అందులో మూడున్నర నిమిషాల చక్కటి పాట ఉంది. మిగతాది ఆపడం చేతకాకపోవడమే.

ఎందుకు ఆపలేకపోయారంటే, కాదనే మనిషి లేకపోయాడు. మొదటి రెండు ఆల్బమ్‌లకు నోయెల్ దగ్గర ఏళ్ల తరబడి రాసుకున్న పాటలున్నాయి. మంచి పాటల్ని కూడా సింగిల్స్ (ఒక్క పాటను విడిగా అమ్మే రికార్డులు) వెనకవైపు పడేసేంత ధారాళం. దాంతో మూడో ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి గల్లా దాదాపు ఖాళీ. కరీబియన్‌లో మస్టిక్ అనే దీవికి సెలవుకు వెళ్లి, అక్కడ ఓవెన్ మోరిస్ అనే ప్రొడ్యూసర్‌ని (డబ్బు పెట్టేవాడు కాదు, రికార్డింగ్ నడిపించేవాడు) పక్కన పెట్టుకుని, ఒక డ్రమ్ మెషీన్‌తో సాదాగా నమూనాలు చేశాడు. తర్వాత 1996 అక్టోబర్‌లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో మొదలుపెడితే టాబ్లాయిడ్ పత్రికలవాళ్లు గేటు దగ్గరే మకాం వేశారు. అక్కడి నుంచి సర్రే అనే జిల్లాలో రిడ్జ్ ఫామ్ అనే పల్లెటూరి స్టూడియోకి మారారు. అన్నదమ్ముల మధ్య అప్పటికే ఉప్పూ నిప్పూ. కొకైన్ వాడకం మితిమీరిపోయిందని నోయెల్ తర్వాత ఇంటర్వ్యూల్లో తనే ఒప్పుకున్నాడు. ఆ కొకైన్ మత్తులో మనిషికి తను చేసిందల్లా అద్భుతంగానే కనిపిస్తుంది, డాక్టర్‌గా ఆ మాట నేను చెప్పగలను. ఇక వీళ్ల ఆల్బమ్‌లు వేసే కంపెనీ క్రియేషన్ రికార్డ్స్ వాళ్లకు వీళ్ల అమ్మకాలే పెద్ద దిక్కు. 2 కోట్ల కాపీలు అమ్మినవాడితో "ఈ పాటలో రెండు నిమిషాలు తీసెయ్ నాయనా" అని ఎవరంటారు?

ఇదంతా విని ఆల్బమ్ పనికిరానిదని తేల్చేయకండి. ఈ రోజుల్లో దాన్ని వెక్కిరించడం కూడా ఒక ఫ్యాషనే. నాకైతే 'డోంట్ గో అవే' వాళ్ల మంచి పాటల్లో ఒకటి. నాలుగు నిమిషాల ముప్పావు, గొంతుకు చోటిచ్చారు, లియామ్ కూడా అరవకుండా పాడాడు. 'స్టాండ్ బై మీ' కూడా అంతే, బరువు కిందా చెక్కుచెదరని బాణీ. అది సింగిల్‌గా వచ్చినప్పుడు బ్రిటన్ అమ్మకాల పట్టికలో రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. అప్పటికి యువరాణి డయానా పోయి నెల కూడా కాలేదు, ఆమె కోసం ఎల్టన్ జాన్ పాడిన పాట మొదటి స్థానంలో ఉంది. దాన్ని దించడం ఎవరి తరమూ కాలేదు.

'ఆల్ అరౌండ్ ద వరల్డ్' మాత్రం ప్రత్యేకం. తొమ్మిది నిమిషాలు దాటుతుంది. మొదటి ఆల్బమ్ కన్నా ముందే రాసుకున్న పాట అది. పెద్ద ఆర్కెస్ట్రా పెట్టే స్తోమత వచ్చేదాకా ఆగుదామని నోయెల్ దాచిపెట్టుకున్నాడు. స్తోమత వచ్చింది, పెట్టాడు. అంతా అయిపోయిందనుకునేలోపు శ్రుతి ఒక మెట్టు పైకి వెళ్తుంది. మళ్లీ ఇంకో మెట్టు. చిన్నా, నీకు కీబోర్డు వచ్చు కాబట్టి ఎక్కడెక్కడ శ్రుతి మారిందో కనిపెట్టు. అది చాలదన్నట్టు ఆల్బమ్ చివర్లో అదే పాట వాద్యగోష్ఠిగా మళ్లీ వస్తుంది. ఆఖరికి అడుగుల చప్పుడు, తలుపు వేసిన శబ్దం. అతి అనండి, ఆడంబరం అనండి, నేను కాదనను. కానీ ఆ అతిలో ఏదో చిన్నపిల్లాడి సంబరం ఉంది, అందుకే నాకు కోపం రాదు. 1998 జనవరిలో సింగిల్‌గా వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది కూడా. 'మ్యాజిక్ పై' అనే పాట గురించి ఏమీ రాయను. విని మీరే చెప్పండి.

తర్వాత నోయెలే ఈ ఆల్బమ్‌ని అందరికన్నా ఎక్కువ తిట్టాడు. 2006లో ఒయాసిస్ ఏరికూర్చిన పాటల సంకలనం వేస్తే ఇందులోది ఒక్క పాట కూడా పెట్టలేదు. 2016లో పాత టేపులు తీసి, అనవసరపు గిటార్లు తగ్గించి, ఆల్బమ్ మొత్తాన్నీ మళ్లీ సరిచేద్దామని కూర్చున్నాడు. మొదటి పాట వరకూ చేసి వదిలేశాడు. అయితే 2025లో బృందం మళ్లీ కలిసి కార్డిఫ్‌లో మొదలుపెట్టిన కచేరీల్లో 'డి యూ నో వాట్ ఐ మీన్', 'స్టాండ్ బై మీ' రెండూ పాడారు.

మీకు ఇప్పుడో పని. 2016లో తెచ్చిన పెద్ద ఎడిషన్ దొరుకుతుంది. అందులో నోయెల్ సరిచేసిన ఆ ఒక్క పాటతో పాటు మస్టిక్ దీవిలో చేసిన నమూనాలు కూడా ఉన్నాయి. ఒక్కో పాటకు ముందు నమూనా వినండి, తర్వాత ఆల్బమ్‌లోది. ఒకేరోజు మొత్తం వినొద్దు, రోజుకు రెండు చాలు. ఏ గిటార్ తీసేస్తారో, ఏ పాటను ఎన్నో నిమిషం దగ్గర ఆపేస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. సంక్రాంతికి వచ్చినప్పుడు నా లిస్టూ తెస్తాను. బుజ్జీ, 'ఫేడ్ ఇన్ అవుట్'లో స్లైడ్ గిటార్ వాయించింది జానీ డెప్. అవును, ఆ పైరేట్ సినిమాల జానీ డెప్పే. దాన్ని ఉంచాలో తీసెయ్యాలో నీదే నిర్ణయం.

మీ పెద్దమ్మ అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న