ముందు చక్రాలకు బ్రేకులు పెడితే కుదుపు ఎందుకు పెరిగింది?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. అప్పట్లో ఆ మోడల్‌కి ముందు చక్రాల బ్రేకులే ఉండేవి కావు. కాలి బ్రేకు నొక్కితే పట్టు పడేది గేర్‌బాక్సు వెనక తిరిగే షాఫ్టు మీద. 1913లో దాన్ని వెనక చక్రాలకు మార్చారు. ముందు బ్రేకులు రావడానికి ఇంకో పదేళ్లకు పైనే పట్టింది.

భద్రతంటే లెక్కలేక ఆలస్యం చేశారని నేననుకోను. ముందు చక్రాలకు బ్రేకు పెట్టడమంటే కారు ముందుభాగమంతా కొత్తగా ఆలోచించడమే.

బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. కారు 2000 కిలోలు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు, గరిమనాభి (బరువంతా ఒకచోటే ఉందనుకోదగ్గ బిందువు) ఎత్తు 0.8 మీటర్లు అనుకుందాం. వేగం ప్రతి సెకనుకీ 5 మీ/సె చొప్పున తగ్గితే, దాదాపు 227 కిలోల భారం వెనక చక్రాల నుంచి ముందు చక్రాలకు మారుతుంది. అంటే రోడ్డును గట్టిగా పట్టుకునేది ముందు టైర్లే. ఆ పట్టును వాడుకోకుండా కారును త్వరగా ఆపలేం.

వాడుకుంటే చిక్కు కమాన్ కట్టల దగ్గర, అంటే ఇరుసును చట్రానికి కలిపే పట్టీ స్ప్రింగుల దగ్గర మొదలవుతుంది. చక్రంతో తిరిగే బ్రేకు డ్రమ్ముని లోపలి షూలు ఒత్తి పట్టుకోగానే ఇరుసు కూడా చక్రంతో పాటు తిరగబోతుంది. దాన్ని ఆపాల్సింది కమాన్ కట్టలే. మెత్తటి కట్టలైతే ఎస్ అక్షరంలా మెలిపడతాయి, స్టీరింగ్ ఓ పక్కకు లాగుతుంది. అందుకని కట్టల్ని గట్టిచేస్తే ప్రతి గుంతా సీటుదాకా తెలుస్తుంది. పైగా డ్రమ్ముల బరువు స్ప్రింగు మోయదు, దాని కింద చక్రానికే తోడవుతుంది. బరువైన చక్రం గుంతలో పడి లేచినప్పుడు దాన్ని అదుపు చేయడం కష్టం.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది స్టీరింగ్ వణుకు. రెండు ముందు చక్రాలూ ఒకే ఇరుసుకు ఉన్నప్పుడు ఒక చక్రం గుంతలో దిగితే ఇరుసంతా వాలుతుంది. వేగంగా తిరుగుతున్న చక్రాన్ని అలా వాలిస్తే, బొంగరానికి జరిగినట్టే, అది పక్కకు తిరగబోతుంది. దాంతో స్టీరింగ్ కదులుతుంది, ఆ కదలిక మళ్లీ ఇరుసును ఊపుతుంది. బరువైన డ్రమ్ములు, అదే కాలంలో వచ్చిన మెత్తటి బెలూన్ టైర్లు కలిసి 1920లలో ఈ వణుకును పెద్ద తలనొప్పిగా మార్చాయి.

బ్రేకు వల్ల సుఖం పెరిగిన సంగతీ ఉంది. 1919లో పారిస్ ప్రదర్శనకు వచ్చిన హిస్పానో సూయిజా హెచ్6 కారులో, ఆ కంపెనీ ఇంజనీరు మార్క్ బిర్కిట్ గేర్‌బాక్సు నుంచి తిరిగే సర్వో (బ్రేకుకు బలం జోడించే సాధనం) పెట్టాడు. కారు కదలికలోని శక్తే బ్రేకుల్ని లాగుతుంది కాబట్టి డ్రైవరు బలంగా తొక్కక్కర్లేదు. కాలు తేలిగ్గా ఆనించి, ఆగబోయే ముందు కాస్త వదిలితే వెనక కూర్చున్నవాళ్లు ముందుకు తూలరు. మనల్ని విసిరేసేది బ్రేకు బలం కన్నా ఆ బలం ఉన్నట్టుండి మారడమే. రోల్స్ రాయిస్ 1924 ప్రాంతంలో ముందు బ్రేకులు తెచ్చినప్పుడు ఈ పద్ధతినే లైసెన్సు మీద తీసుకుంది.

స్ప్రింగుల చిక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. అమెరికాలోని రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో కాడిలాక్‌కి వెళ్లిన ఇంజనీరు మోరిస్ ఓలీ, ముందు చక్రాలను విడివిడిగా కదలనివ్వాలని పట్టుబట్టాడు. 1934 కాడిలాక్ కార్లలో అది అమలైంది. బ్రేకు మెలిక భారాన్ని చక్రాన్ని పట్టే కడ్డీలు మోశాయి. స్ప్రింగుకు బరువు మోసే పనే మిగిలింది కాబట్టి దాన్ని మెత్తగా చేయగలిగారు. రోల్స్ రాయిస్ కూడా 1936 ఫాంటమ్ త్రీలో ముందు చక్రాలను ఇలాగే విడదీసింది.