యాప్‌లో పచ్చగా కనిపిస్తే చార్జింగ్ ఎక్కుతుందా?

ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ స్టేషన్ల నిర్వహణ నా పని. రోజూ వినే ఫిర్యాదు ఒకటే: “యాప్‌లో ఖాళీగా ఉందని చూపించింది, తీరా వస్తే ఎక్కడం లేదు. 99 శాతం పనిచేస్తాయన్నారు కదా!” బ్యాటరీ అడుగంటిన కారులో కూర్చున్న మనిషికి కోపం రావడం న్యాయమే.

అపోహ: 99 శాతం అప్‌టైమ్ అంటే వందసార్లు వెళ్తే 99 సార్లు చార్జింగ్ అవుతుంది.

వాస్తవం: అప్‌టైమ్ లెక్కపెట్టేది చార్జర్ పనిచేసే స్థితిలో ఉన్న నిమిషాలను. మీ కారు చార్జ్ అయిందా లేదా అన్నది అందులో ఉండదు. అమెరికాలో కేంద్ర నిధులతో కట్టే స్టేషన్లకు 2023లో పెట్టిన నిబంధన ప్రకారం ఒక్కో పోర్టు (ఒక కారును చార్జ్ చేసే చోటు) ఏడాదిలో 97 శాతానికి పైగా సమయం పనిచేయాలి. మిగిలిన 3 శాతమే దాదాపు 11 రోజులు! పైగా కరెంటు కోతలు, విధ్వంసం, ముందే ప్రకటించిన మరమ్మతులు లెక్కలోకి రావు. బ్రిటన్‌లో 50 కిలోవాట్లు, ఆపైన ఉన్న చార్జర్లకు 99 శాతం తప్పనిసరి. కానీ అది నెట్‌వర్క్ మొత్తం సగటు. మీ దారిలోని ఒక్క చార్జర్ నెలంతా మూలనపడినా పెద్ద నెట్‌వర్క్ సగటు చెక్కుచెదరదు.

ఒకసారి ఇలాంటి ఫిర్యాదు మీదే వెళ్లాను. స్క్రీన్ వెలుగుతోంది, సర్వర్‌లో ‘అందుబాటులో ఉంది’ అనే ఉంది. కారుకు తగిలించే గన్ విప్పి చూస్తే పైలట్ పిన్ లోపలికి నొక్కుకుపోయింది. కారూ చార్జరూ మాట్లాడుకునేది ఆ సన్నని పిన్ ద్వారానే. అది తగలకపోతే కారు వచ్చిందన్న సంగతే చార్జర్‌కు తెలియదు, కాబట్టి లోపం నమోదే కాదు. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు స్వయంగా వెళ్లి 657 కనెక్టర్లను పరీక్షిస్తే పనిచేసినవి 72.5 శాతం. కంపెనీలు చెప్పుకున్న అంకె 95 నుంచి 98!

అందుకే కంపెనీని అడగాల్సిన ప్రశ్న వేరు: మొదటి ప్రయత్నంలోనే ఎంతమందికి చార్జింగ్ మొదలైంది? ఈ అంకెను ప్రకటించమని నిలదీయండి.

అపోహ: బ్యాటరీ 80 శాతం దాటాక చార్జింగ్ నెమ్మదిస్తే చార్జర్ పాడైనట్టే.

వాస్తవం: బ్యాటరీని కాపాడుకోవడానికి కారే తక్కువ కరెంటు అడుగుతుంది.

అపోహ: వానలో గన్ పట్టుకుంటే షాక్ కొడుతుంది.

వాస్తవం: ఈ పుకారును దయచేసి ఇకనైనా ఆపండి. కారుతో సంకేతాలు కుదిరేదాకా గన్‌లోకి చార్జింగ్ కరెంటు రాదు.

చార్జింగ్ ఎక్కకపోతే మాత్రం తిట్టుకుంటూ వెళ్లిపోకండి. చార్జర్ నంబరు, స్క్రీన్ మీది సందేశం హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ఆ పిన్ సంగతి మాకు తెలిసింది ఒక డ్రైవర్ ఫోన్ చేయడం వల్లే.