దూలగొండి పొడితో పార్కిన్సన్స్ మాత్రలు మానేయవచ్చా?

ఇది చాలామంది అడిగే ప్రశ్నే, కొట్టిపారేయాల్సిందేమీ కాదు. దూలగొండి గింజల బరువులో సుమారు 4 నుంచి 6 శాతం లెవోడోపా ఉంటుంది. మాత్రలో ఉండేదీ అదే. కాబట్టి పొడి పనిచేస్తుంది. చిక్కంతా అది ఎంత పనిచేస్తుందన్న దగ్గరే.

ఈ జబ్బులో మెదడులో డోపమిన్ అనే, కదలికలను నడిపే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. డోపమిన్‌నే మింగితే రక్తం నుంచి మెదడులోకి దాటదు. లెవోడోపా దాటి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది. కానీ దారిలో పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉన్న డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముందే డోపమిన్‌గా మార్చేస్తుంది. ఇక మెదడుకు చేరేది పిసరంత. దారిలో తయారైన డోపమిన్ వల్ల వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం. మాత్రలో 100 మిల్లీగ్రాముల లెవోడోపాకు 25 కార్బిడోపా కలిపేది ఆ ఎంజైమ్‌ను అణచడానికే. పూర్తిగా అణగాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. పొడిలో అది లేదు. పైగా ఆ ఎంజైమ్‌కు విటమిన్ బీ6 తోడు. ఉత్త పొడి వాడుతూ బలానికని బీ6 పెద్ద మోతాదులో మింగితే మందు ఇంకా త్వరగా హరించుకుపోతుంది.

ఎంజైమ్‌ను తప్పించుకున్నా పోటీ తప్పదు. పేగులోనూ మెదడు సరిహద్దులోనూ లెవోడోపా వెళ్లేది ప్రోటీన్ అరిగితే వచ్చే లూసిన్, ఫినైలాలనైన్‌ల వంటి అమైనో ఆమ్లాలు వెళ్లే ఇరుకు గుమ్మంలోంచే. ప్రోటీన్ దండిగా తిన్న వెంటనే వేసుకుంటే మందు బయటే నిలబడిపోతుంది. అందుకే తిండికి 30 నిమిషాల ముందో, గంట తర్వాతో వేసుకోమంటారు. ఐరన్ మాత్రకు కనీసం 2 గంటల ఎడం ఉండాలి, ఇనుము లెవోడోపాను పట్టేసుకుంటుంది. పేగులో ఉండే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా కూడా లెవోడోపాను డోపమిన్‌గా మార్చగలదని 2019లో తేలింది. దాని ఎంజైమ్ వేరు, కార్బిడోపాకు లొంగదు.

అసలు జబ్బే కొందరిలో పేగు నుంచి మొదలవుతుందేమోనని 2003లో జర్మన్ శాస్త్రవేత్త బ్రాక్ బృందం ప్రతిపాదించింది. నరాల కణాల్లో ఉండే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ వంకర తిరిగి, పేగునూ మెదడునూ కలిపే వేగస్ నరం వెంట పైకి పాకుతుందని దాని సారం. వణుకు కంటే ఏళ్ల ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం కనిపించడం దీనికి సరిపోతుంది, కానీ అందరు రోగులకూ వర్తించదు. డోపమిన్ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతినడం మరో అనుమానం. దాన్ని నమ్మి రోజుకు 2400 మిల్లీగ్రాముల దాకా మైటోకాండ్రియా పనికి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 ఇచ్చి చూశారు, ఫలితం సున్నా.

మాత్రలు వాడుతూనే డాక్టరుకు చెప్పకుండా పొడి కలపడం అన్నిటికంటే ప్రమాదం. 5 శాతం లెక్కన 5 గ్రాముల పొడిలో 250 మిల్లీగ్రాముల లెవోడోపా ఉంటుంది. మాత్రలోని కార్బిడోపా దాన్నీ కాపాడి మెదడుకు పంపుతుంది. అప్పుడు ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనబడటం మొదలు కావచ్చు. అలాగని మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, జ్వరం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.