కిరీటం ఒక్కటే

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు సోలార్ కారు తయారుచేస్తున్నారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి ఫోన్ చేసింది: "సార్, యూఎస్‌బీ మొదలైతే క్యాన్ ఆగిపోతోంది. పిన్నులు మార్చి రెండో బోర్డు కూడా చేయించాం. అయినా అంతే."

క్యాన్ అంటే బండిలో బ్యాటరీ, మోటార్ కంట్రోలర్, డ్యాష్‌బోర్డు మాట్లాడుకునే రెండు తీగల దారి. 1986లో బాష్ కంపెనీ బయటపెట్టింది. దాని కథ ఇంకోసారి.

వీళ్ల బోర్డును నడిపే చిప్పు (మైక్రోకంట్రోలర్) ఎస్‌టీఎం32ఎఫ్103, 48 కాళ్లది. కాళ్లంటే ఆ పిన్నులే. ఊళ్లో పండక్కి నాటకం వేస్తే మనుషులు పదిమంది, వేషాలు ఇరవై. శకుని వేసినవాడే తెర వెనక్కి పోయి, గడ్డం తగిలించుకుని విదురుడై వస్తాడు. జూదం సీనులోనే చిక్కు, అక్కడ ఇద్దరూ కావాలి. ఈ చిప్పులో పీఏ11, పీఏ12 కాళ్లదీ అదే బాధ. యూఎస్‌బీ వేషం, క్యాన్ వేషం రెండూ వాటివే.

పిల్లలు తెలివిగా క్యాన్‌ను పీబీ8, పీబీ9లకు మార్చారు. చిప్పు అందుకు ఒప్పుకుంటుంది కూడా. మనుషులు వేరయ్యాక ఇంకేం గొడవ? గొడవంతా తెర వెనక ఉంది. వచ్చే పోయే డేటాను పెట్టుకోవడానికి ఆ రెంటికీ కలిపి ఉన్నది 512 బైట్ల మెమరీ ఒక్కటే. ధర్మరాజుకు, దుర్యోధనుడికి వేరే వేరే మనుషులు దొరికారు సరే, పెట్టెలో కిరీటం ఒక్కటే! ఒకరు దిగితేగానీ రెండోవారు ఎక్కలేరు. పిన్నుల పట్టికలో ఈ ముక్క కనపడదు. వేరేచోట ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది.

ఈలోగా బోర్డుకు దిష్టి తగిలిందని ఎవరో నిమ్మకాయ, మిరపకాయలు కట్టారట. కట్టనీండి, క్యాన్‌కు అడ్డం రావు.

చిప్పులోని యూఎస్‌బీ మానేసి, ల్యాప్‌టాప్‌కు పీఏ9, పీఏ10 మీదుగా సీరియల్ కన్వర్టర్ (ఆ కాళ్ల సీరియల్ డేటాను యూఎస్‌బీగా మార్చే చిన్న బోర్డు) పెట్టుకోమన్నాను.

అసలు మన ల్యాబుల్లో ముందు ఎల్ఈడీ వెలిగించడం నేర్పుతాం. పిల్లలు బోర్డు గీసేటప్పుడూ మంచి కాళ్లు దానికే ఇచ్చేస్తారు. వేరే కాళ్లకు మారే దిక్కు లేని పనులకు ముందు చోటివ్వాలి. ప్రోగ్రామ్ ఎక్కించే పీఏ13, పీఏ14 జోలికి పోకూడదు. వోల్టేజీ కొలవగలిగే కాళ్లు పదే: పీఏ0 నుంచి పీఏ7, పీబీ0, పీబీ1. అవి 3.3 వోల్టులను 4096 మెట్లుగా చూస్తాయి. 48 వోల్టుల లిథియం బ్యాటరీ నిండితే 54 దాటొచ్చు, కాబట్టి రెసిస్టర్లతో 20వ వంతుకు దించి ఇవ్వాలి. అప్పుడు ఒక్కో మెట్టు బ్యాటరీ దగ్గర దాదాపు 16 మిల్లీవోల్టులు.

హారన్‌దేముంది, మిగిలిన కాళ్లలో ఒకదానికి ట్రాన్సిస్టర్ మీదుగా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) తగిలిస్తే మోగుతుంది.