సింఫనీ కచేరీయా, బళ్లో సంగీతం మాస్టారా: విజయనగరం పేచీ వెనక కథ

సిరిమానోత్సవం దగ్గర పడిందంటే విజయనగరంలో ఓ పాత పేచీ మళ్లీ లేస్తుంది. ఉత్సవాల డబ్బుతో పెద్ద సంగీత బృందాన్ని రప్పించి బడిపిల్లలకు వినిపించాలని కొందరంటారు. ఆ డబ్బేదో బళ్లలో సంగీతం చెప్పేవాళ్ల జీతాలకు పెట్టమని ఇంకొందరంటారు. 2025 మార్చిలో ఇళయరాజా లండన్‌లో తన సింఫనీ, అంటే పెద్ద వాయిద్య బృందం కోసం రాసిన పాశ్చాత్య సంగీత రచన, వినిపించాక మొదటి పక్షానికి ఊపు వచ్చింది. విదేశాల్లో సింఫనీ ఆర్కెస్ట్రాలే పిల్లలకు సంగీతం నేర్పుతున్నాయి, మనమూ ఆ దారి పడదాం అన్నది వాళ్ల మాట. వినడానికి బాగానే ఉంది. ఆ ఆర్కెస్ట్రాలు అసలు పిల్లల దగ్గరికి ఎందుకు రావాల్సి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

1919లో మహారాజావారి సంగీత కళాశాల ఎలా పుట్టిందో, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్ ఎలా అయ్యారో ఈ ఊరివాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. అమెరికాలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా సంగతీ చాలామందికి తెలిసిందే. 1924లో అక్కడ ఎర్నెస్ట్ షెల్లింగ్ పిల్లల కోసం కచేరీలు మొదలుపెట్టాడు. తెర మీద బొమ్మలు వేసి వాయిద్యాలను పరిచయం చేసేవాడు. పిల్లలు నోటుబుక్కులు రాసి తెస్తే బహుమతులిచ్చేవాడు. 1958 నుంచి 1972 దాకా ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ అలాంటివి 53 కచేరీలు చేస్తే టీవీలో దేశమంతా చూసింది. మొదటి పక్షంవాళ్లు ఎప్పుడూ చూపించేది ఈ బెర్న్‌స్టీన్‌నే. కానీ ఆ రోజుల్లో అమెరికా బళ్లలో బ్యాండు క్లాసులు, ఆర్కెస్ట్రా క్లాసులు మామూలు విషయం. ఆ కచేరీ విన్న పిల్లల్లో చాలామందికి సోమవారం బడికెళ్తే చేతికి ఏదో ఒక వాయిద్యం అందేది.

అసలు మలుపు 1978 జూన్‌లో వచ్చింది, అదీ కచేరీ హాల్లో కాదు. కాలిఫోర్నియాలో ఓటర్లు ఇంటిపన్నుకు కళ్లెం వేశారు. ప్రొపొజిషన్ 13 అంటారు దాన్ని. పన్ను ఆస్తి విలువలో 1 శాతం దాటకూడదు, లెక్కకట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. అప్పట్లో అక్కడి బళ్లకు స్థానిక ఆస్తిపన్నే పెద్ద ఆధారం. డబ్బు తగ్గగానే కోతల జాబితాలో ముందు వరసలో సంగీతం, డ్రాయింగ్ టీచర్లున్నారు. లెక్కల మాస్టారిని తీసేస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, వయొలిన్ మాస్టారి కోసం ఎవరు రోడ్డెక్కుతారు? పదేళ్లకు ఇంగ్లండ్‌లో మరో రూపంలో ఇదే జరిగింది. 1988 విద్యా సంస్కరణ చట్టం బడ్జెట్లను నేరుగా బళ్ల చేతికిచ్చింది. బడి బడికీ తిరిగి వాయిద్యాలు నేర్పే టీచర్లను అంతదాకా పోషించిన స్థానిక కౌన్సిళ్ల దగ్గర డబ్బు తగ్గిపోయింది. చాలాచోట్ల ఆ పాఠాలకు ఫీజులు మొదలయ్యాయి. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా పిల్లల కోసం డిస్కవరీ అనే కార్యక్రమం పెట్టింది 1990లో. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బళ్లు వదిలేసిన పనిలో కొంత ఆర్కెస్ట్రాలు నెత్తిన వేసుకున్నాయి. అందుకు వాళ్లను మెచ్చుకోవాల్సిందే. ఖాళీ పడ్డాక వేసిన అతుకును మొదటినుంచీ ఉన్న పద్ధతిలా చూపిస్తేనే ఇబ్బంది.

ఆ అతుకు ఎలా వేశారో కూడా చూడాలి. లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ 2007లో యోలా అనే బాలల ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది. వెనెజులాలో హొసే ఆంటోనియో అబ్రేయు 1975లో నాటిన ఎల్ సిస్తెమా అనే బాలల సంగీత శిక్షణ పథకం దానికి మాతృక. ఎల్ సిస్తెమాకు నిధులు ఎక్కువగా సంక్షేమ శాఖల నుంచి వచ్చాయి, కళల శాఖ నుంచి కాదు. అందులో పెరిగిన గుస్తావో డుడమెల్లే 2009లో లాస్ ఏంజెలెస్ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడయ్యాడు. యోలాలో వాయిద్యం ఉచితం, పాఠం ఉచితం. బడి వదిలాక వారంలో చాలా రోజులు సాధన. 2021లో ఇంగిల్‌వుడ్‌లో ఓ పాత బ్యాంకు భవనాన్ని బాగుచేసి వాళ్లకంటూ ఒక చోటు కట్టించారు. కచేరీల్లో కనిపించే పేరున్న వాయిద్యకారులు అప్పుడప్పుడు వచ్చి పిల్లల పక్కన కూర్చుంటారు. రోజూ నేర్పేది జీతం తీసుకునే టీచర్లే. మన దగ్గర వాదనలో ఈ జీతం మాట ఎప్పుడూ జారిపోతుంది.

ముంబయి అనుభవం ఇంకా దగ్గరిది. 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏర్పడింది. కుర్చీలు నింపడానికి ఇక్కడ తర్ఫీదున్నవాళ్లు చాలక బయటి దేశాల వాయిద్యకారులను పెద్దసంఖ్యలో తెచ్చుకోవాల్సి వచ్చింది. పిల్లలకు చిన్నప్పటినుంచి నేర్పే అకాడమీ 2012లో గానీ రాలేదు. ముందు ఆర్కెస్ట్రా పెట్టి ఆ తర్వాత బడి పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

మొదటి పక్షానికీ ఒక న్యాయమైన మాటుంది. ఎప్పుడూ వినని దాని మీద పిల్లకు ఇష్టం ఎలా పుడుతుంది? నిజమే.

అయితే విజయనగరం 1919లో చేసింది ముంబయి దారికి తిరగేసిన పని. ముందు గురువులకు జీతాలిచ్చి కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడుకు 26 ఏళ్లు నిండకుండానే వయొలిన్ ఆచార్య పదవి ఇచ్చారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్ పడమటి నుంచి వచ్చిన వాయిద్యమే. పరాయిదని ఎవరూ తోసిపుచ్చలేదు, నేర్పే మనిషిని కుదిర్చారంతే. ఘంటసాల మధూకరం ఎత్తుకుని చదువుకున్నది ఈ ఊళ్లోనే. ఆయన్ను చేరదీసి నేర్పింది సాలూరు నుంచి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి. పి.సుశీల చదివిందీ ఇక్కడే. వీళ్లకు ఈ ఊళ్లో దొరికింది రోజూ పాఠం చెప్పే గురువు.

రెండో పక్షంలో ఎక్కువమంది సంగీత కళాశాల పాత విద్యార్థులే. 4 ఏళ్ల సర్టిఫికెట్, ఆ మీద 2 ఏళ్ల డిప్లొమా చేసి ఇళ్ల దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటున్నవాళ్లు. వాళ్లు చూపించే కాగితం 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని అందులో రాసుంది. డ్రాయింగ్ మాస్టారితో సరిపెట్టినా చట్టం ఒప్పుకుంటుంది, అదొక చిక్కు. అయినా కొత్తగా కోర్కెలేమీ కోరడం లేదు, చట్టంలో ఉన్నదే అడుగుతున్నామని వాళ్లంటున్నారు. ఈ మాటకు అవతలి పక్షం నుంచి నేను సరైన జవాబు వినలేదు.

వాయిద్యాల సంగతి మరీ విడ్డూరం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఇప్పుడు గిరాకీ ఎక్కువగా షోకేసులో పెట్టుకునే చిన్న వీణలకే. సభ ఏదైనా ముఖ్య అతిథికి శాలువాతో పాటు ఓ బొబ్బిలి వీణ చేతిలో పెడతారు. అది మోగదు. యోలా పిల్లల చేతికి ఉచితంగా వాయిద్యం ఇచ్చినట్టు, మోగే వీణలు పది కొని బళ్లకు అరువిచ్చే ఏర్పాటు ఇక్కడ ఎవరి ప్రతిపాదనలోనూ కనబడదు.

ఈమధ్య రెండు పక్షాలకూ నచ్చేలా ఓ మధ్యే మార్గం వినిపిస్తోంది: బృందాన్ని ఆనందగజపతి ఆడిటోరియానికి రప్పించండి, పిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లండి, కానీ ముందు వాళ్లను సిద్ధం చేయండి అని. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా చేసేది ఇదే. కచేరీకి ముందే బళ్ల టీచర్లను పిలిచి శిక్షణ ఇస్తుంది, వాళ్లు తమ క్లాసుల్లో పాటలు, లయలు నేర్పి పిల్లల్ని తీసుకొస్తారు. ఇక్కడ ఆ శిక్షణకు ఎవరిని పంపుతారని అడిగితే, చాలా హైస్కూళ్లలో పంపడానికి సంగీతం టీచరే లేరు.